హీటరు వేసుకుని సాల్టర్స్ బెండ్ దాకా

క్లెమ్ ట్రెజైస్ రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. వేసినంత వేగంగానే తీసేశాడు. ఇంకా మండుతోంది.

వేళ్లు నోట్లో పెట్టుకుని పెరట్లో ఉన్న కారు చుట్టూ మరోసారి తిరిగాడు. ఒక్కచోట నిలబడలేకపోతున్నాడు. పొద్దు ఇంకా రేకుల షెడ్డు పైకి రానేలేదు, అప్పుడే కాళ్ల కింద నేల కాగిపోతోంది. జనవరి, అక్కడ నడివేసవి. ఈ రోజు నలభై నాలుగు డిగ్రీలు తప్పదని రేడియోలో చెప్పారు. చెప్పినామె గొంతులో ఏ కంగారూ లేదు. ఆమె ఎక్కడికీ వెళ్లక్కర్లేదు కాబోలు.

అతను వెళ్లాలి. మధ్యాహ్నం పన్నెండింటికి సాల్టర్స్ బెండ్‌లో, పెట్రోలు బంకూ హోటలూ కలిసిన రోడ్‌హౌస్ దగ్గర ఉండాలి. టానర్స్ వెల్ నుంచి రెండు గంటల దారి. అటు అడిలైడ్ నుంచి రొవీనా వస్తుంది, ఐవీని తీసుకుని. తనూ రొవీనా విడిపోయినప్పటి నుంచి సెలవులు వస్తే కూతురు తల్లి కారులోంచి దిగి తండ్రి కారు ఎక్కేది ఆ రోడ్‌హౌస్ ముందే.

అక్టోబరు సెలవుల్లో ఇంజిన్ నీళ్లు మరిగి క్లెమ్ కారు దారిలో ఉడికిపోయింది. ఎలాగో చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. క్రిస్మస్ మర్నాడూ అదే కథ. రెండుసార్లూ ఐవీ సర్దుకున్న బ్యాగుతో తల్లి వెంట తిరిగి వెళ్లిపోయింది.

"కారు ఉడికింది, కారు ఉడికింది," అంది రొవీనా పోయిన వారం ఫోనులో. "ఈ మాట రెండుసార్లు విన్నాను క్లెమ్. మూడోసారి వినను. శనివారం పన్నెండింటికి వస్తాను. ఒక కాఫీ తాగుతాను. కప్పు ఖాళీ అయ్యేలోపు నువ్వు రాకపోతే వెనక్కి తిప్పేస్తాను. ఇక ఈ సెలవుల ఏర్పాటే వద్దని లాయరుతో చెప్పేస్తాను. ఐవీ బ్యాగు సర్దుకోవడం, ఇంటికొచ్చి విప్పుకోవడం... నేను చూడలేను."

క్లెమ్ క్యాలెండరులో శనివారం చుట్టూ సున్నా చుట్టాడు.

అంతకుముందే, డిసెంబరులో, కారును రేవు పట్నంలో ఉన్న కార్ల డీలరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు బానెట్ కిందికి సరిగా తొంగి కూడా చూడకుండా, రేడియేటర్ పోయిందన్నాడు, పంపు పోయిందన్నాడు, థర్మోస్టాట్ ఎలాగూ మార్చాలన్నాడు. అతను చెప్పిన ఖర్చుతో ఇలాంటి కారే ఇంకోటి వస్తుంది. పైగా ఫిబ్రవరి దాకా ఖాళీ లేదట.

ఆ మూడింటిలో అతి చిన్నది, "ఎలాగూ మార్చాల్సింది", థర్మోస్టాట్: వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే చిన్న తలుపు. ముందు దాని పని పడదామనుకున్నాడు క్లెమ్. తెప్పించిన కొత్తదాని పార్సెలు హైవే మలుపు దగ్గరికి బస్సులో వచ్చేసరికి శుక్రవారం రాత్రయింది. క్లెమ్ ఊరి పబ్బులో వంటవాడు, శుక్రవారం రాత్రి అక్కడ ఊపిరాడదు. మూసేదాకా చుట్టుపక్కల వాళ్లందరికీ మాంసం ముక్కలు వేయించి పెట్టి, తెల్లారుతూనే మలుపు దాకా వెళ్లి పార్సెలు తెచ్చుకున్నాడు. ఆ కాస్త దూరానికే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది.

ఇప్పుడు ఇంజిన్ చల్లారాలి. చల్లారేదాకా మూత తియ్యకూడదు, తీస్తే మొహం కాలిపోతుంది. చన్నీళ్లు కుమ్మరించకూడదు, కుమ్మరిస్తే ఇనుము చిట్లుతుంది. ఏం చెయ్యాలో అన్నీ తెలుసు. ఊరికే నిలబడటం ఎలాగో మాత్రం తెలియదు.

"ఏం వంటోడా! ఉడికిందో లేదో మూత తీసి చూస్తున్నావా?"

కంచెలో ఊడిపోయిన రేకు సందులోంచి ముందు కుక్క వచ్చింది, తర్వాత టీ కప్పు, దాని వెనక ఎర్న్ హాకడే. జీవితమంతా ప్రభుత్వం వారి మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. రొవీనా తండ్రి. కూతురు ఊరు విడిచి వెళ్లినా అల్లుడు మాత్రం పక్కింట్లోనే మిగిలిపోయాడు. ఆ రేకును మళ్లీ కొట్టిద్దామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

"కుక్కను కట్టేసిరా పెద్దాయనా," అన్నాడు క్లెమ్. "రేడియేటర్‌లోని ఈ ఆకుపచ్చ మందునీళ్లు నాకిందంటే చస్తుంది."

"నా కుక్కకు నీకన్నా తెలివుంది. ఈసారైనా పన్నెండింటికి చేరతావా? అక్టోబరులో ఆ పిల్ల కోసం సైకిలుకు రంగు వేసి పెట్టాను. ఆ రంగు కూడా పెచ్చులూడుతోంది."

"నీ బండి ఇవ్వు, ఇప్పుడే బయల్దేరతాను."

"గేరుబాక్సు ముక్కలు షెడ్డు నేల మీద పరిచి ఉన్నాయి. మూటగట్టి ఇమ్మంటావా?"

పబ్బు యజమాని కారేసుకుని సముద్రం ఒడ్డుకు పోయాడు. రొవీనాకు ఫోను చేద్దామంటే ఆమె అప్పటికే బయల్దేరి ఉంటుంది, దారిలో సిగ్నలుండదు. ఉన్నా ఏం చెప్పాలి? కారు ఉడికిందనా?

గుడ్డ మడత పెట్టి మూత మీద వేసి మెల్లగా తిప్పాడు. చిన్నగా బుస్సుమంది, అంతే. పబ్బు నుంచి తెచ్చిన గిన్నెలు కడిగే తొట్టి కారు కింద పెట్టి నీళ్లు దింపాడు. పై గొట్టం ఊడదీశాడు. ఆ గొట్టం ఇంజిన్‌ను కలిసేచోట అరచేతిలో పట్టేంత ఇనప మూత ఉంది. దానికి రెండే బోల్టులు.

మొదటిది మాట విన్నట్టు వచ్చింది. రెండోది కదల్లేదు.

క్లెమ్ స్పానర్ మీద బరువంతా వేశాడు. బోల్టు కిర్రుమంది. అతను ఆగిపోయాడు. తల తెగిందంటే ఇవాళ్టి ప్రయాణం ఇక్కడితో సరి. నుదుటి చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోలేదు.

"దాన్నేం చేద్దామని? మెడ విరుద్దామనా?" ఎర్న్ కప్పు గోడ మీద పెట్టాడు. "ఆగు. ముందు కాస్త బిగించు."

"విప్పాలి."

"విప్పడానికే. బిగిస్తే తుప్పు పట్టు వదులుతుంది. తర్వాత విప్పు. సుత్తితో నెత్తిన రెండు తట్టు. తట్టమన్నాను, కొట్టమన్లేదు."

క్లెమ్ తట్టాడు, వెంట్రుకవాసి బిగించాడు, విప్పాడు. బోల్టు ఒక్కసారి నిట్టూర్చి తిరిగింది. ఎర్న్ మళ్లీ కప్పు అందుకున్నాడు. ఆ ముసలి మొహం నిండా గర్వమే.

క్లెమ్ ఇనప మూత ఎత్తాడు. లోపలున్నది బయటికి లాగేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకునే ఉన్నాడు.

లోపల ఏమీ లేదు.

చూశాడు. వేలు పెట్టి తడిమాడు. మూత తిరగేసి చూశాడు. తొట్టిలోని నీళ్లలో చెయ్యి పెట్టి కెలికాడు. థర్మోస్టాట్ చెడిపోవడం వేరు, మూసుకుపోవడం వేరు. ఇక్కడ అసలు అదే లేదు. ఇంజిన్ నోరు తెరిచి వెలవెలబోతూ ఉంది.

"ఇందులోది ఏమైంది?" అన్నాడు తనలో తను.

"ఏది? థర్మోస్టాటా?" ఎర్న్ టీ గుటక వేశాడు. "నేనే పీకేశాగా."

క్లెమ్ తలెత్తాడు.

"సెప్టెంబరులో నువ్వు పబ్బులో ఉన్నప్పుడు ఆయిలు మార్చి పెట్టానా లేదా? అప్పుడే. ఎండలొస్తున్నాయి కదా, ముందే తీసిపారేస్తే చల్లగా నడుస్తుందని."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? ఈ ఊళ్లో ఎవడైనా అదే చేస్తాడు. ఇల్లు కాగిపోతుంటే తలుపు మూసుకు కూర్చుంటామా? నీళ్లకు మాత్రం తలుపెందుకు? పీకేస్తే హాయిగా తిరుగుతాయి. నలభయ్యేళ్లు నడిపాను, ఒక్క బండిలోనూ ఉంచలేదు. ఒక్కటీ ఉడకలేదు."

"ఇది ఉడికింది." క్లెమ్ గొంతు మెల్లగా వచ్చింది. "అక్టోబరులో ఉడికింది. క్రిస్మస్‌కు ఉడికింది. రెండు సెలవులు, పెద్దాయనా."

"అది రేడియేటర్..."

"రెండు సెలవులు!"

స్పానర్ షెడ్డు గోడకు తగిలి రేకు మోగింది. కుక్క కంచె అవతలికి దూకింది. ఎర్న్ కప్పు కిందికి దించాడు, అరచేయి చాపి ఏదో చెప్పబోయాడు. అప్పటికే క్లెమ్ కొత్త థర్మోస్టాట్ పెట్టె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

వంటింట్లోకి రాగానే క్లెమ్‌కు అనుమానం పట్టుకుంది. ముసలాయన నిజం చెప్తున్నాడేమో. నలభయ్యేళ్ల మాట. ఇంత ఎండలో ఆ తలుపు మళ్లీ బిగించి బయల్దేరితే, అది తెరుచుకోకపోతే? నడి హైవేలో ఇంజిన్ మాడి మసవుతుంది. ఒట్టి రంధ్రంతో పోతే గతసారి లాగే అవుతుంది. ఏదో ఒకటి తేల్చుకోవాలి, గడియారం ఆగదు.

వంటవాడికి తెలిసిన దారి ఒకటే. సాస్‌పాన్‌లో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాడు. థర్మోస్టాట్‌కు దారం కట్టి నీళ్లలోకి వేలాడదీశాడు.

"గుడ్డులా ఉడకబెడుతున్నావా?" గుమ్మంలో ఎర్న్.

"చూడు."

ఇద్దరూ సాస్‌పాన్ మీద వంగారు. నీళ్ల అడుగున చిన్న చిన్న బుడగలు. ఇత్తడి బొడిపె, చుట్టూ స్ప్రింగు, పైన మూత పెట్టిన పళ్లెం. కదలలేదు. ఆవిరి మొహాలకు కొట్టింది. ఇంకా కదలలేదు. క్లెమ్ కాళ్లు నేల మీద నిలవడం లేదు, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

నీళ్లు మరగబోతున్నాయనగా, పై పళ్లెం స్ప్రింగును నొక్కుకుంటూ తెరుచుకుంది.

"తెరుచుకుంటుంది, సరే," అన్నాడు ఎర్న్. "అసలు లేకపోతే ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నే చెప్పేదీ అదే."

"పైన కాదు. కింద చూడు."

అడుగున ఇంకో చిన్న పళ్లెం ఉంది. పైది తెరుచుకునే కొద్దీ అది కిందికి దిగుతోంది. క్లెమ్ దారం పట్టి పైకి లాగాడు, వేడివేడిగానే గుడ్డలో పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఎర్న్ వెనకే వచ్చాడు. ఇంజిన్ ఖాళీ నోట్లో, అడుగున, గుండ్రటి రంధ్రం ఒకటుంది. కింది పళ్లెం సరిగ్గా దాని కొలతే.

"ఇది పక్కదారి," అన్నాడు క్లెమ్. "ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇటునుంచి ఇటే తిరుగుతాయి. వేడెక్కితే పై తలుపు తెరుచుకుంటుంది, కింది తలుపు ఈ పక్కదారిని మూసేస్తుంది. అప్పుడు నీళ్లన్నీ చచ్చినట్టు రేడియేటర్‌కు పోవాలి. నువ్వు పీకింది ఒక తలుపు కాదు, రెండు. మరుగుతున్న నీళ్లలో సగం రేడియేటర్ మొహం చూడకుండా మళ్లీ ఇంజిన్‌లోకే వస్తున్నాయి. ఊళ్లో తిరిగితే తెలియదు. హైవే ఎక్కితే ఉడుకుతుంది."

ఎర్న్ ఆ రంధ్రం మీదికి వంగాడు. వేలితో దాని అంచు తడిమాడు.

"నా బండ్లకు కింది తలుపు లేదు," అన్నాడు చివరికి. "పాతవి."

కప్పు గోడ మీదే వదిలేసి, రేకు సందులోంచి తన ఇంటివైపు వెళ్లిపోయాడు. అటునుంచి షెడ్డు తలుపు కిర్రుమనడం వినిపించింది.

పోతే పోనీ అనుకున్నాడు క్లెమ్. మొండి వంటకత్తి తీసుకుని నీళ్లు కారకుండా మూత కింద వేసే పాత అట్ట ఇంజిన్ అంచుకు అంటుకుంటే అంతా గీకాడు. కంగారులో వేలి కణుపు చెక్కుకుపోయింది. స్ప్రింగు ఇంజిన్ వైపు, గాలి పోయే చిన్న రంధ్రం పైకి. కొత్త అట్ట. మూత. ఒక బోల్టు కాస్త, రెండోది కాస్త, మళ్లీ మొదటిది. గొట్టం. క్లిప్పు. నీళ్లు పోస్తుంటే గుడగుడమంటూ తాగింది, ఆగింది, మళ్లీ తాగింది. ఇంజిన్ నడిపి, ఇంకా తాగుతుందేమోనని ఆగి చూడాలి. నిదానంగా చెయ్యాల్సిన పని అది. గడియారం చూస్తే పది కావస్తోంది. మూత బిగించేశాడు.

కారెక్కుతుంటే పక్క తలుపు తెరుచుకుంది. ఎర్న్. తల దువ్వుకున్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. చొక్కా జేబు బరువుగా కిందికి వేలాడుతోంది.

"నేనూ వస్తా."

"ఎందుకు?"

"నోరు మూసుకుని బండి నడుపు."

ఊరు దాటాక రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. రెండు వైపులా బూడిద రంగు ఉప్పుపొదలు. దూరాన తారు మీద నీళ్లు మెరుస్తున్నట్టు ఎండమావి. క్లెమ్ ఏసీ ఆపేశాడు, అద్దాలన్నీ దించాడు, హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజిన్ వేడిని ఎంతో కొంత బయటికి లాగడానికి ఈ దారుల్లో ప్రతివాడూ చేసే పనే అది. బయట కొలిమి, లోపల హీటరు.

"బతికుండగానే తందూరీ పెడుతున్నావు," అన్నాడు ఎర్న్ చొక్కా గుండీ విప్పుకుంటూ.

"చల్లగా ఉండాలంటే సముద్రానికి పోవాల్సింది, మా పబ్బాయనతో."

క్లెమ్ కళ్లు ముల్లు మీద, రోడ్డు మీద, గడియారం మీద. మళ్లీ ముల్లు మీద. ముల్లు మధ్యకు వచ్చింది. మధ్య దాటింది. తలుపు తెరుచుకోవాలి ఇప్పుడు. ఇంకా ఎక్కింది.

అప్పుడతనికి కాళ్ల మీద గాలి తగిలింది. హీటరు గాలి. బయటి గాలిలానే ఉంది, వేడి లేదు.

"పెద్దాయనా, నీ కాళ్ల దగ్గర చెయ్యి పెట్టు."

ఎర్న్ వంగి చెయ్యి పెట్టాడు. "అస్సలు కాలడం లేదు. నయమేగా?"

ఆ మాట అన్నాక అతనికీ తట్టింది. ఇంజిన్ కాగిపోతుంటే హీటరు వేడి లేని గాలి వదులుతోందంటే, అందులోకి వేడినీళ్లు చేరడం లేదు. మధ్యలో గాలి చిక్కుకుంది.

"ఆపు," అన్నాడు ఎర్న్.

"ఆపితే పన్నెండు దాటుతుంది."

"ఆపకపోతే ఈ ఇంజిన్ ఎక్కడికీ దాటదు. ఆ మిట్ట మీద ఆపు. ముక్కు పైకి ఉండేట్టు. గాలి పైకే పోతుంది."

ముల్లు ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. క్లెమ్ పళ్లు బిగించి మిట్ట దాకా లాగాడు, కారు ముక్కు ఎత్తుగా నిలబడేట్టు పక్కకు ఆపాడు. ఇంజిన్ ఆపొద్దని ఎర్న్ అరిచాడు. బానెట్ ఎత్తాడు. చొక్కా విప్పి, జేబులోది గుప్పిట్లోకి తీసుకుని, చొక్కాను చేతికి చుట్టుకున్నాడు.

"మూత ముట్టుకోకు. హీటరుకు పోయే సన్న గొట్టం, దాని క్లిప్పు వదులు చెయ్యి. కాస్తే. కాస్తే అన్నాను!"

క్లెమ్ స్క్రూడ్రైవరు తిప్పాడు. ఎర్న్ చొక్కా చుట్టిన చేత్తో గొట్టం చివర పట్టుకుని కదిపాడు. బుస్సుమంటూ గాలి ఎగదన్నింది. అదలా వస్తూనే ఉంది. ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు కానీ చెయ్యి తియ్యలేదు. తర్వాత గాలితో పాటు తుంపర్లు, తర్వాత మరిగే ఆకుపచ్చ నీళ్లు.

"బిగించు! బిగించు!"

బిగించాడు. పెళ్లి చొక్కా ఆకుపచ్చ పీలికైపోయింది. రేడియేటర్ పక్కనుండే డబ్బాలో నీళ్లు గబగబా తగ్గాయి, క్లెమ్ క్యాను ఎత్తి నింపాడు. కారులోకి తలదూర్చి హీటరు ముందు మొహం పెట్టాడు.

మొహం కాలిపోయింది. జనవరి ఎండలో వేడిగాలి కొట్టినందుకు సంతోషంతో కేక పెట్టినవాడు ఆ దారిలో అతనొక్కడే అయ్యుంటాడు.

ముల్లు ఒకసారి వణికింది. దిగింది. మధ్యకు వచ్చి నిలబడింది.

మళ్లీ రోడ్డు ఎక్కారు. ఎర్న్ బనియనుతో కూర్చుని మణికట్టు ఊదుకుంటున్నాడు. రెండో చేతి గుప్పిట ఇంకా మూసే ఉంది.

"పబ్బులో చెప్పాను," అన్నాడు ఉన్నట్టుండి. "ఒక కారు సరిగా ఉంచుకోలేనివాడు పిల్లనేం చూసుకుంటాడని. అక్టోబరులో. అందరి ముందూ."

"నేను వంటింట్లోనే ఉన్నాను పెద్దాయనా. వినిపించింది."

"రొవీనాతోనూ అన్నాను."

క్లెమ్ ముల్లు వైపు చూశాడు. మధ్యలోనే ఉంది. "అది తెలియదు," అన్నాడు.

సాల్టర్స్ బెండ్ చేరేసరికి పన్నెండు ఎప్పుడో దాటిపోయింది. పెట్రోలు పంపుల పక్కన, ఉన్న ఒక్క చెట్టు నీడలో రొవీనా ఎర్ర కారు. ఇంజిన్ నడుస్తోంది. ఆమె స్టీరింగు ముందు కూర్చునుంది. వెనక సీట్లో ఐవీ, ఒళ్లో బ్యాగు. ముందు అద్దం దగ్గర కాగితం కప్పులు రెండు, ఒకదాంట్లో ఒకటి దోపి ఉన్నాయి.

క్లెమ్ కారు ఆగీ ఆగకముందే దూకాడు. "రొవీనా, దారిలో..."

"ఉడికింది," అంది ఆమె. "కదా?"

అదే నిజం, అదే ఆమె విననన్న మాట.

"నువ్వు జరుగు," అన్నాడు ఎర్న్ వెనకనుంచి.

బనియను నిండా ఆకుపచ్చ మరకలు, మణికట్టు ఎర్రగా పొంగి, దువ్విన జుట్టు గాలికి లేచి. తండ్రిని ఆ అవతారంలో చూసి రొవీనా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నాన్నా? నువ్వేంటి ఇక్కడ? ఒంటి మీద చొక్కా ఏదీ?"

ఎర్న్ గుప్పిట తెరిచి ఆమె ముందు పెట్టాడు. మసి పట్టిన ఇత్తడి బొడిపె, స్ప్రింగు, రెండు పళ్లేలు.

"వాడి కారులోది. సెప్టెంబరులో నేనే పీకాను, వాడికి చెప్పకుండా. షెడ్డులో మేకుకు వేలాడుతోంది ఇన్నాళ్లూ. నీకు వాడి మీద చెప్పిందంతా... అక్టోబరుదీ, క్రిస్మస్‌దీ... వాడిది కాదు. నాది."

రొవీనా ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. టానర్స్ వెల్‌లో పుట్టి పెరిగిన మనిషి, అదేమిటో ఆమెకు చెప్పక్కర్లేదు. ఆ షెడ్డులో ఆ మేకు, ఆ మేకుకు బారుగా వేలాడే ఇత్తడి ముక్కలు చిన్నప్పటి నుంచి చూసిందే. చూస్తూ చూస్తూ తన కారులో ముల్లు వైపు తల తిప్పింది.

"నాన్నా," అంది మెల్లగా. "ఈస్టరుకు వచ్చినప్పుడు నా కారుకు ఆయిలు మార్చావు."

ఎర్న్ పెట్రోలు పంపుల వైపు చూశాడు.

"ఇవాళ దారంతా ముల్లు పైనే ఉంది. ఎండకేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా దిగలేదు. నాన్నా! నన్ను చూడు."

"ఎర్ర తీగ కట్టి విడిగా పెట్టాను," అన్నాడు ఎర్న్. "నీదని గుర్తుండాలని. పోగొట్టలేదు."

రొవీనా ఇంజిన్ ఆపేసింది. కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని క్లెమ్ భయపడ్డాడు. తలెత్తితే కళ్లలో నీళ్లున్న మాట నిజమే, కానీ నవ్వాపుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

"ఊళ్లో ఇంకెన్ని కార్లు ఉన్నాయి నీ మేకుకు?"

"చర్చి ఫాదరుగారిది కూడా ఉండి ఉంటుంది," అన్నాడు క్లెమ్. "అందుకే కాబోలు, ఆయన అన్ని అంత్యక్రియలకూ ఆలస్యంగా వస్తాడు."

ఎర్న్ అల్లుడి వైపు గుర్రుగా చూశాడు కానీ కాదనలేదు.

"ఇప్పుడు బయల్దేరకు," అన్నాడు క్లెమ్ ఆమెతో. "పొద్దు వాలాక బయల్దేరు. మెల్లగా పో. ఏసీ వద్దు. అద్దాలు దించి హీటరు మొత్తం తిప్పు."

"నేను కాదు, మేము," అంది రొవీనా. "నువ్వు నాతో వస్తున్నావు నాన్నా. అడిలైడ్ దాకా. హీటరు ముందు నువ్వే కూర్చుంటావు. పొద్దున్నే కొత్తది కొని నీ చేత్తోనే బిగిస్తావు. ఆ తర్వాత బస్సెక్కు."

"డీలరుకు ఇస్తే..." అని నసిగాడు ఎర్న్.

"డీలరా?"

"డీలరెందుకులే," అని గొణిగాడు ఎర్న్. "రెండే బోల్టులు."

అప్పటికే ఐవీ దిగి, బ్యాగు ఈడ్చుకుంటూ క్లెమ్ కారు దగ్గరికి వెళ్లిపోయింది. ఆగి, వెనక్కొచ్చి, తాతను కౌగిలించుకుని, చొక్కా లేని ఆ వాసనకు ముక్కు మూసుకుంది.

"సైకిలు షెడ్డులో ఉంది. రంగు పెచ్చులూడిన చోట కొత్తగా వేద్దాం, నేనొచ్చాక. మీ నాన్నను ముట్టుకోనియ్యకు," అన్నాడు ఎర్న్.

క్లెమ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. అడగకుండా కదలడం అతని వల్ల కాలేదు.

"ఏప్రిల్ సెలవులు?"

రొవీనా ఖాళీ కప్పులు నలిపి అతని చేతిలో పెట్టింది, చెత్తబుట్టలో వెయ్యమన్నట్టు.

"పన్నెండింటికి," అంది. "ఒక కాఫీ."

ఉత్తరంగా ఇంటి దారి పట్టాక ఐవీ ముందు సీట్లో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఎండమావి వెనక్కి వెనక్కి పోతోంది. హీటరు గాలికి దాని జుట్టంతా నిక్కబొడుచుకుంది. చివరికి తండ్రి చూస్తున్న వైపే వంగి చూసింది.

"నాన్నా, ఆ ముల్లు మధ్యలోనే ఉందిగా?"

"ఉంది."

"మరి హీటరు ఆపొచ్చుగా?"

క్లెమ్ ముల్లు వైపు ఇంకోసారి చూశాడు. చెయ్యి చాపాడు, మీట మీద వేలు ఆనించి ఆగాడు, మళ్లీ చూశాడు.

"ఆ మిట్ట దాటాక," అన్నాడు.